గజ్జె కట్టిన దేహం: గద్దర్ కళాజీవితంలో మారిన వేదికలు

గద్దర్ పేరు వినగానే హైదరాబాదులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పాట. ప్రజాగాయకుడు, ప్రజా యుద్ధనౌక, విప్లవ వాగ్గేయకారుడు అంటూ జనమూ పత్రికలూ కలిసి ఆయనకు కట్టబెట్టిన బిరుదులు చాలానే ఉన్నాయి గాని, వాటిలో ఒక్కటి కూడా ఆయనను రంగస్థల కళాకారుడని చెప్పదు. అయితే 1972లో మొదలై ఆయన జీవితంతో విడదీయలేనంతగా పెనవేసుకున్న విప్లవ కళాసంస్థ పేరు జననాట్యమండలి. ఆ పేరులో ఉన్నది నాట్యమే గాని గానం కాదు. గద్దర్ చేసిన పని మొదటి నుంచీ నాటకమేనని, పాట అందులో ఒక అంగమని ఒప్పుకుంటే తప్ప, బుర్రకథకుడిగా బయలుదేరి బ్యాంకు గుమాస్తా, అజ్ఞాతవాసి, సినిమా పాటల రచయిత, శాంతి చర్చల ప్రతినిధి, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ గొంతు, చివరకు రాజకీయ పార్టీ వ్యవస్థాపకుడు అయిన ఒక మనిషి బతుకులో ఉన్న వరుస అంతు చిక్కదు. విడివిడిగా చూస్తే అవి పొంతన లేని వేషాల్లా కనిపిస్తాయి. వేదిక మారినప్పుడల్లా నటుడు తన పనిముట్లను ఎలా సర్దుకున్నాడో గమనిస్తే మాత్రం ఒక తర్కం బయటపడుతుంది.

ఆ తర్కం గద్దర్‌తో మొదలైంది కాదు. 1943లో ఏర్పడిన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి తెలుగు నాటకాన్ని పట్టణ హాళ్ల నుంచి పల్లెల నడిబొడ్డుకు తీసుకుపోయింది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని కథావస్తువుగా తీసుకుని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని ఆంధ్ర జిల్లాల్లో వందకు పైగా దళాలు ఆడాయి. దానిని ప్రభుత్వం నిషేధించింది. నాటకం ఆడాలంటే పది పన్నెండు మంది నటులు కావాలి, ఒక ఎత్తైన అరుగో వేదికో కావాలి, తెర కావాలి, పెట్రోమాక్స్ దీపాలు కావాలి, ఇవన్నీ బండి మీద ఊరికి చేరుతుంటే పోలీసులకు కబురు అందకుండా ఉండదు. బుర్రకథకు ముగ్గురు చాలు. నిషేధపు నీడలో పనిచేసే కళకు ఈ లెక్క చాలా ముఖ్యమైనది. షేక్ నాజర్ వంటి మహా కళాకారుడి చేతిలో బుర్రకథ ఆ కాలంలో అంత పదునెక్కడానికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, ఆ ప్రక్రియ సులువుగా ఊరు దాటగలగడం కూడా అంతే కారణం. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాట ప్రచారానికి మలచుకున్నదీ ఇటువంటి అవసరంలోనే. నాటకం నుంచి బుర్రకథకు, బుర్రకథ నుంచి ఒంటి మనిషి పాటకు ప్రక్రియ చిక్కుతూ వచ్చింది. నిర్బంధం పెరిగిన కొద్దీ వేదిక చిన్నదై, చివరకు నటుడి దేహంలోకే ఒదిగిపోయింది. గద్దర్ ఈ పరిణామానికి చివరి మెట్టు మీద నిలబడ్డారు.

తూప్రాన్‌లో దళిత కుటుంబంలో గుమ్మడి విఠల్‌రావుగా పుట్టిన ఆయన ఇంజనీరింగ్ చదువు కోసం నగరానికి వచ్చిన రోజుల్లోనే బాపూజీ పేరుతో బుర్రకథ దళం కట్టారు. ప్రభుత్వ ప్రచార కార్యక్రమాల్లో కథ చెప్పేవారు. విప్లవ కళాకారుడి జీవితచరిత్రలో ఇది కాస్త ఇబ్బంది పెట్టే వివరంగా తోచి, చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నిజానికి అక్కడే కొంత ఆగాలి, ఎందుకంటే ఆయన వ్యాకరణం అంతా బుర్రకథలోనే ఉంది.

బుర్రకథలో మధ్య నిలబడే కథకుడు భుజాన తంబుర, వేళ్లకు అందెలు పెట్టుకుని, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేస్తూ కథ నడుపుతాడు. అతనికి ఇరుపక్కలా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. కథ ఏ పురాణానిదైనా, ఏ పల్నాటి వీరులదైనా, రాజకీయ వంత మధ్యలో అడ్డుతగిలి ఈనాటి ఊరి సంగతికి దాన్ని ముడిపెడతాడు. అంటే ఆ ప్రక్రియలోనే కథను ఆపి మాట్లాడే హక్కు పుట్టుకతో ఉంది. కథకుడు ఒక చరణం రాజుగా పాడి, రెండో చరణం రాజును తిట్టే తల్లిగా పాడి, మూడో చరణానికి మామూలు మనిషిగా నిలబడి ప్రేక్షకులతో ముచ్చటించవచ్చు. వేషం మార్చనక్కరలేదు, తెర దించనక్కరలేదు. గద్దర్ తర్వాతి కాలంలో వంతలిద్దరి పనిని కూడా తనలోకి తీసుకున్నారు. పాట మంచి ఊపులో ఉండగా చెయ్యెత్తి ఆపడం, రెండు మాటలు వెటకారంగా అనడం, జనం నవ్వు ఇంకా ముగియకముందే గొంతు తగ్గించి చనిపోయినవాడి తల్లి మాటలోకి జారిపోవడం ఆయన ప్రదర్శన తెలిసినవారందరికీ పరిచయమైన పద్ధతే. హాస్య వంత, రాజకీయ వంత, కథకుడు ముగ్గురూ ఒకే ఒంట్లో ఉన్నారని తెలిస్తే ఆ పద్ధతి వింతగా అనిపించదు.

బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో పరిచయం ఈ బుర్రకథకుడి దారి మళ్లించింది. చిత్రకళ, ఛాయాచిత్రకళ, కవిత్వం అన్నీ తెలిసిన నర్సింగరావు ప్రోత్సాహంతో 1971లో రాసిన తొలి పాట 'ఆపర రిక్షా'. ఆ పేరును ఒక నాటక విద్యార్థి చదివినట్టు చదివితే, అది ముందు ఒక సంభాషణ అని తెలుస్తుంది. ఆపమని ఒకరు అంటున్నారు, ఆగవలసినవాడు ఒకడున్నాడు. రెండు పాత్రలు, ఒక వీధి, చెమట కారుతున్న ఒక దేహం. ఆనాటి జంటనగరాల్లో సైకిల్ రిక్షా తొక్కేవాడు కనబడని సందు లేదు గనుక ఆ దృశ్యానికి రంగాలంకరణ అక్కరలేదు, నటుడు 'రిక్షా' అన్న మాటను పిలుపు స్వరంలో అనగానే ప్రేక్షకుడి కళ్ల ముందు రోడ్డు పరుచుకుంటుంది. తర్వాత వచ్చిన పాటల్లో చాలావాటికి ఇదే నిర్మాణం ఉంది. అవి భావగీతాలు కావు. ఎవరో ఎవరినో పిలుస్తుంటారు, నిలదీస్తుంటారు, ఓదారుస్తుంటారు.

తొలి పాటల సంకలనానికి పెట్టిన పేరు 'గద్దర్'. 1913లో ఉత్తర అమెరికాలోని పంజాబీ వలస కూలీలు, విద్యార్థులు బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా స్థాపించిన గదర్ పార్టీకి అది నివాళి. మాటకు అర్థం తిరుగుబాటు. సంకలనం పేరు పట్టుకుని జనం ఆ పాటలవాణ్ణి కూడా గద్దర్ అనసాగారు, విఠల్‌రావు వెనక్కి తప్పుకున్నాడు. నాటకంలో నటుడు పాత్ర పేరును ఆ రాత్రికి తొడుక్కుని పొద్దున విడిచేస్తాడు. ఇక్కడ పాత్ర పేరు మనిషి మీద యాభై ఏళ్లు ఉండిపోయింది. దాని భారం కూడా ఆయనే మోశారు: గద్దర్ అన్న మనిషి ఏం చేసినా తిరుగుబాటు కొలబద్దతోనే కొలిచారు.

1975లో ఆయన పరీక్ష రాసి కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు, 1984లో రాజీనామా చేశారు. ఈ తొమ్మిదేళ్లను సాధారణంగా ఒక విరామంగా చూస్తారు. టికెట్టు లేని నాటకం ఆడేవాడికి నెల జీతం లేకపోతే దళం నిలవదన్న సంగతి రంగస్థలం మీద బతికిన ఎవరినడిగినా చెబుతారు. హైదరాబాదులో నాటకాలవాళ్లలో అత్యధికులు అప్పుడూ ఇప్పుడూ ఏదో ఒక ఉద్యోగం చేస్తూ సాయంత్రం రిహార్సల్‌కు వచ్చేవాళ్లే. సచివాలయం, టెలిఫోన్స్, బ్యాంకులు, ఏజీ ఆఫీసు, రైల్వే లేకపోతే నగరంలో నాటకమే ఉండేది కాదేమో. ఈ విషయంలో పరిషత్తు నాటకాల నటుడికీ విప్లవ కళాకారుడికీ తేడా లేదు. తేడా వచ్చేదల్లా ఉద్యోగాన్ని వదలవలసిన రోజు వచ్చినప్పుడే.

జననాట్యమండలి రూపుదిద్దుకున్నది ఈ దశాబ్దంలోనే. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు తన యాసను, జముకుల కథల నడకను, 'భూమి భాగోతం' వంటి నృత్యనాటకాన్ని తీసుకువచ్చారు. తెలంగాణ నుంచి ఒగ్గుకథ, డప్పు, గొల్లసుద్దుల బాణీలు చేరాయి. మండలి వేషధారణ కూడా అప్పుడే స్థిరపడింది. మోకాళ్ల పైకి బిగించిన పంచె, చొక్కా లేని ఛాతీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఈ అయిదింటినీ ఒక నిరాడంబరమైన పేదవాడి బట్టలుగా చూడటం తప్పు. వాటిలో ప్రతి ఒక్కటీ రంగస్థల పరికరమే.

గొంగడి సంగతే తీసుకుంటే, గొర్రె బొచ్చుతో కురుమలు నేసే ఆ కంబళి తెలంగాణ పల్లెలో వానకు గొడుగు, చలికి దుప్పటి, పడుకోవడానికి పరుపు, గింజలు మూటగట్టడానికి గుడ్డ. ప్రేక్షకుడికి దానితో ఇన్ని రకాల పరిచయం ఉంది కాబట్టి నటుడు దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంటే పసిబిడ్డ అవుతుందని, నేల మీద పరిస్తే శవం అవుతుందని, నెత్తిన వేసుకుంటే వాన కురుస్తుందని నమ్మించడానికి పెద్ద ప్రయత్నం అక్కరలేదు. కర్ర గొర్రెల కాపరిది కావచ్చు, పోలీసు లాఠీ కావచ్చు, జెండా కట్టుకునే గడ కావచ్చు. ఇక గజ్జెలు రెండు పనులు చేస్తాయి. వాయిద్యం ఏదీ లేని చోట కాలి దెబ్బే తాళం అవుతుంది. దీపం ఆరిపోయినా, మైకు మూగబోయినా నటుడు ఎక్కడున్నాడో గజ్జె చెబుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఆడేవాడికి ఇది చిన్న విషయం కాదు. చొక్కా లేకపోవడం మరీ ముఖ్యం. ఊపిరి తీయడం, కడుపు లోపలికి పోవడం, నరాలు ఉబ్బడం దూరానికి కూడా కనిపిస్తాయి. ఆకలి గురించిన పాటకు అంతకు మించిన ఆహార్యం లేదు.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' చిత్రం 1980లో విడుదలయింది. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ చిత్రంలో సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ తెర మీద పాడారు. ఆ కొద్ది నిమిషాల దృశ్యంలో గొంగడి, గజ్జె, కర్ర వాడిన నటుడిని ఒక తరం మొత్తం చూసింది. అయితే అదే కాలంలో టేప్ రికార్డరు ఇళ్లలోకి, హోటళ్లలోకి, లారీల్లోకి చేరింది. జననాట్యమండలి పాటల క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. క్యాసెట్ గొంతును మాత్రమే మోస్తుంది. నటుడి కాలు, చెయ్యి, చూపు, చెమట, మధ్యలో ఆగిన మౌనం అందులో ఉండవు. గద్దర్‌ను చూడకుండా విన్న లక్షల మందికి ఆయన పాటగాడే అయ్యారు. ఆయనను రంగస్థల చరిత్రలోంచి గానచరిత్రలోకి మార్చింది విమర్శకులు కాదు, ఆ ప్లాస్టిక్ డబ్బా. ఇది వింతగా తోచవచ్చు గాని, ఒక కళాకారుడిని లోకం ఏ గదిలో పెట్టి చూస్తుందన్నది చాలాసార్లు ఆయన కళను ఏ పరికరం మోసుకొచ్చిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

కారంచేడులో 1985 జులైలో దళితుల మీద జరిగిన హత్యాకాండ తర్వాతి నిరసనల కాలంలో నిర్బంధం తీవ్రమై గద్దర్ అజ్ఞాతవాసంలోకి వెళ్లారు. సుమారు అయిదేళ్లు ఆయన బహిరంగ వేదిక ఎక్కలేదు. నటుడికి ప్రేక్షకుడి ముందుకు రాకూడదన్న నియమం కంటే పెద్ద శిక్ష ఉండదు, అయినా ఈ కాలంలోనే క్యాసెట్ ఆయన స్థానంలో తిరుగుతూ, మనిషి కనిపించకపోవడం వల్ల పుట్టే కుతూహలాన్ని కూడగట్టింది. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించాక 1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభలో ఆయన మళ్లీ జనం ముందుకు వచ్చారు. మైదానం కిక్కిరిసింది. నాటక ప్రవేశాలలో దాన్ని ఒక గొప్ప ప్రవేశంగా లెక్కించాలి: పాత్ర గురించి తెర వెనుక నుంచి అయిదేళ్లు వింటూ వచ్చిన ప్రేక్షకుల ముందు, చివరికి పాత్ర ఒంటితో కనిపించడం.

ఆ మైదానానికీ రవీంద్రభారతికీ నడిచి వెళ్లగలిగినంత దూరం. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలో తెర, దీపాలు, మేకప్ గది, కుర్చీలు అన్నీ ఉన్నాయి. కాదర్ అలీ బేగ్ వంటివారు నగరంలో ఉర్దూ, హిందీ నాటకాన్ని కొత్త ఎత్తుకు తీసుకువెళ్లారు. తెలుగులో సమాజ నాటకాలు, పరిషత్తు పోటీలు ఏటేటా జరిగాయి. 1980లలో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల బోధన మొదలైంది. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ గురించి, నటుడు పాత్రలోంచి బయటికి వచ్చి ప్రేక్షకుడితో మాట్లాడటం గురించి తరగతుల్లో చర్చ జరుగుతున్న కాలంలోనే, ఆ పనిని బుర్రకథ నుంచి నేర్చుకుని వేలమంది ముందు చేసిన కళాకారుడు అదే నగరానికి చెందినవాడు. ఈ రెండు రంగస్థలాలూ ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోలేదు. తప్పు ఒకవైపే ఉందని అనలేము. విప్లవ సంస్థలు కూడా తమ కళను కళగా పరిశీలించనివ్వడానికి అంత ఇష్టపడలేదు. దాన్ని ప్రచార విభాగంగానే చూశాయి, ప్రచారం ఎంత ఫలించిందన్న లెక్కే తీశాయి.

1992 మేలో మావోయిస్టు సంస్థ పీపుల్స్‌వార్ మీద, దాని అనుబంధ సంఘాల మీద ప్రభుత్వం నిషేధం విధించడంతో వెసులుబాటు ముగిసింది. 1995లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' చిత్రానికి రాసిన పాటకు నంది పురస్కారం ప్రకటిస్తే గద్దర్ తిరస్కరించారు. పాట అన్నాచెల్లెళ్ల అనుబంధం గురించినది, అందులో ప్రత్యక్ష రాజకీయం లేదు. సినిమా ఆ పాటను ఆయన దేహం నుంచి పూర్తిగా వేరు చేసి మరొకరి గొంతులో, మరొకరి అభినయంలో పెట్టింది, అయినా అది నిలిచింది. ఆయన రచనలో నాటకీయత ఎంత బలంగా ఉందో చెప్పడానికి దీన్ని మించిన రుజువు అక్కరలేదు. ఎవరు పాడినా, పిలిచే పాత్ర, వినే పాత్ర రెండూ అందులోనే ఉన్నాయి.

1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంట్లో ఆయన మీద కాల్పులు జరిగాయి. బతికారు గాని ఒక తూటా వెన్నులో ఉండిపోయింది. వేదికను దేహంలోకి కుదించుకున్న కళాకారుడి మీద దాడి అంటే ఒకేసారి నటుడి మీద, రంగస్థలం మీద, రంగసామగ్రి మీద దాడి. ఆ తర్వాత ఆయన గెంతులు, చిందులు మునుపటిలా సాగలేదు, ప్రదర్శనలో మాట పాలు పెరిగింది. దానికి తోడు తూటా తానే ఒక రంగవస్తువై కూర్చుంది: గద్దర్ వేదిక ఎక్కితే వెన్నులో తూటా ఉందన్న సంగతి ప్రతి ప్రేక్షకుడికీ తెలుసు, ఆయన చెప్పినా చెప్పకపోయినా అది ప్రదర్శనలో భాగమే.

2004 అక్టోబరులో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ హైదరాబాదులో జరిగిన చర్చల్లో వరవరరావు, కల్యాణరావులతో పాటు గద్దర్ ప్రతినిధిగా కూర్చున్నారు. చర్చలు విఫలమయ్యాయి. రాజకీయంగా ఆ ఘట్టం గురించి చాలా రాశారు. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. ముప్పై ఏళ్లుగా వేదిక మీద ఎవరెవరి గొంతుతోనో మాట్లాడిన మనిషిని ఇప్పుడు బల్ల ముందు అధికారికంగా మరొకరి గొంతుగా కూర్చోబెట్టారు, పైగా అక్కడ పాట ఆపి నవ్వించే వీలు లేదు.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆయన పాత్ర మీద ఇంకా వాదాలు ఉన్నాయి. 1990ల చివర్లో తెలంగాణ సభల్లో పాట నాయకుల ఉపన్యాసాల కంటే ముందు నడిచింది; ఆ పాటల్లో పెద్ద గొంతుగా ఎదిగిన బెల్లి లలితను 1999లో హత్య చేశారు. 2002 నుంచి రసమయి బాలకిషన్ వంటివారు నడిపిన ధూంధాం కార్యక్రమాలు జననాట్యమండలి కట్టిన ప్రదర్శన రూపాన్నే తీసుకుని, అందులోని వర్గపోరాటం స్థానంలో ప్రాంతాన్ని నిలిపాయి. రూపం ఎవరి సొంతమూ కాదని, కట్టినవాడి రాజకీయాన్ని విడిచి కూడా బతకగలదని ధూంధాం నిరూపించింది. గద్దర్ 2010లో తెలంగాణ ప్రజాఫ్రంట్ ఏర్పాటులో ముందు నిలిచారు గాని సంస్థాగత నాయకుడిగా నిలదొక్కుకోలేదు. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' చిత్రంలో ఆయన రాసి, పాడి, తెర మీద తానే కనిపించిన పాట మాత్రం ఉద్యమ గీతంగా నిలిచిపోయింది. సంస్థ నడపడం ఒక విద్య, జనాన్ని నిలబెట్టడం మరొక విద్య. రెండోదానిలో ఆరితేరిన చాలామంది కళాకారులకు మొదటిది పట్టుబడలేదు, ఆయన మినహాయింపు కాదు.

చివరి దశాబ్దం అభిమానులను బాగా ఇబ్బంది పెట్టింది. మావోయిస్టు రాజకీయాల నుంచి దూరం జరిగి అంబేడ్కర్, బుద్ధుడి వైపు మొగ్గారు, గుళ్లకు వెళ్లారు, 2018 ఎన్నికల్లో ఓటు వేశారు, 2023లో గద్దర్ ప్రజాపార్టీ ప్రకటించారు. సూటు, టై వేసుకుని కనిపించినప్పుడు గొంగడి ఏమైందని వెటకారం చేసినవాళ్లున్నారు. ఆ వెటకారంలో ఒక పొరపాటుంది. గొంగడి కూడా వేషమే. ఇంజనీరింగ్ చదివి, బ్యాంకులో గుమాస్తాగిరీ చేసిన నగరవాసి దాన్ని ఎంచుకుని కట్టుకున్నాడు. సూటు కూడా అంబేడ్కర్ విగ్రహాన్ని గుర్తుకు తెచ్చేలా ఎంచుకుని కట్టుకున్నదే. ఆయన రాజకీయ నిర్ణయాలను విమర్శించడానికి కారణాలు ఉండవచ్చు, సాయుధ పోరాటాన్ని కీర్తించిన కాలాన్ని విమర్శించేవారూ ఉన్నారు, దాన్ని వదిలిన కాలాన్ని విమర్శించేవారూ ఉన్నారు. దుస్తులను పట్టుకుని ద్రోహం అనడం మాత్రం నటుడిని నటుడిగా చూడలేకపోవడం వల్ల వచ్చిన మాట.

విమర్శించవలసినవి వేరే ఉన్నాయి. వేదికంతా ఒక్క దేహంలోకి చేరితే ఆ దేహం చుట్టూ ఉన్నవాళ్లు కనబడకుండా పోతారు. గూడ అంజయ్య రాసిన 'ఊరు మనదిరా' పాటను, తెర మీద తాను పాడిన బండి యాదగిరి పాటను గద్దర్ రచనలుగా అనుకునేవారు ఇప్పటికీ ఎక్కువే. డోలక్ వాయించినవాళ్లు, కోరస్ అందుకున్నవాళ్లు, దళాలతో తిరిగి ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్లు పేర్లు లేకుండా మిగిలారు. తల్లి గొంతు, చెల్లి గొంతు, కూలి ఆడమనిషి గొంతు పాటల్లో ఎంత విరివిగా వినిపించాయో, ఆ గొంతులను ఆడవాళ్లే సొంతంగా వినిపించే చోటు మండలి ముందు వరుసలో అంత తక్కువ. ప్రదర్శనల పాఠం కూడా సరిగ్గా మిగల్లేదు. పాటల పుస్తకాలు అచ్చయ్యాయి గాని, రెండు చరణాల మధ్య ఆయన చెప్పిన మాట, ప్రతి ఊళ్లో ఆ ఊరిని బట్టి మార్చిన ముచ్చట అచ్చుకు ఎక్కలేదు. నాటక ప్రతిలో సంభాషణలన్నీ తీసేసి పద్యాలు మాత్రమే అచ్చు వేస్తే ఎలా ఉంటుందో ఆ పుస్తకాలు అలా ఉంటాయి.

2023 ఆగస్టు 6న గద్దర్ హైదరాబాదులో కన్నుమూశారు. భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచారు. ముప్పై మూడేళ్ల కిందట అజ్ఞాతం వీడి జనం ముందు నిలబడిన నిజాం కళాశాల మైదానానికి అది ఆనుకునే ఉంటుంది. మరునాడు అక్కడి నుంచి గన్‌పార్కు మీదుగా అల్వాల్‌కు అంతిమయాత్ర సాగింది. ఆయన నెలకొల్పిన మహాబోధి విద్యాలయ ఆవరణలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తన మీద కేసులు పెట్టిన వ్యవస్థకు చెందిన పోలీసులే తుపాకులెత్తి గౌరవ వందనం చేసిన ఆ దృశ్యాన్ని ఏ నాటకకర్త రాసినా కాస్త అతిగా ఉందని దర్శకుడు కొట్టేసేవాడు.

2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరిట పురస్కారాలు ఇస్తామని ప్రకటించింది, 2025 జూన్‌లో వాటిని ప్రదానం చేసింది. 1995లో నందిని కాదన్న మనిషి పేరు నంది స్థానంలో చేరింది. పురస్కారాలు ఇచ్చింది సినిమాలకు.